పడమటి తెరల మీద జపాన్ యానిమే: కోసి చూపినవాళ్లు, కోయకుండా చూపినవాళ్లు

విభాగం: ప్రపంచ సినిమా › యానిమేషన్
చర్చ మొదలుపెట్టినవారు: రీలుపెట్టె

#1 రీలుపెట్టె (విజయవాడ)

అందరికీ నమస్కారం. జపాన్ యానిమే సినిమాలు, అంటే అక్కడి బొమ్మల సినిమాలు, అమెరికాకీ యూరప్‌కీ ఎలా వెళ్లాయన్న మాట వస్తే చాలు, అందరూ 2003 ఆస్కార్ దగ్గర్నుంచే మొదలుపెడతారు. దర్శకుడు మియజాకి సినిమా ‘స్పిరిటెడ్ అవే’కి బహుమతి వచ్చింది, ఆ తర్వాత అక్కడివాళ్లు చూడ్డం మొదలుపెట్టారు, అంతే కథ. దానికి ముందు ఏం జరిగిందో తెలియకపోతే ఆ బహుమతి ఎంత కష్టం మీద వచ్చిందో అర్థం కాదు.

నేను 1985 నుంచి మొదలుపెడతాను. మియజాకి తీసిన ‘నౌసికా’ జపాన్‌లో 1984 మార్చిలో వచ్చింది. మరుసటి ఏడాది న్యూ వరల్డ్ పిక్చర్స్ దానికి ‘వారియర్స్ ఆఫ్ ది విండ్’ అని పేరు మార్చి అమెరికాలో వదిలింది. రెండు గంటల సినిమాలో దాదాపు 22 నిమిషాలు తీసేశారు. నాయిక పేరు జాండ్రా అని పెట్టారు. వీడియో క్యాసెట్ అట్ట మీద సినిమాలో ఎక్కడా కనబడని మగవీరుల్ని ముందు నిలబెట్టి, కథంతా మోసిన అమ్మాయిని వెనక్కి నెట్టారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఓములకి చేసిన అన్యాయం. మూలంలో ఆ మహా కీటకాలు అడవికి కాపలా. వాటికి కోపం వచ్చిందంటే మనిషి చేసిన తప్పు ఏదో ఉంటుంది. కోసిన ప్రతిలో అవి వట్టి రాకాసి పురుగులు. అంటే సినిమా ఏం చెప్పడానికి పుట్టిందో సరిగ్గా అదే పోయింది.

ఆ దెబ్బతో మియజాకి, తోటి దర్శకుడు తకహత, నిర్మాత సుజుకి తోషియో పడమటి పంపిణీదారుల్ని ఏళ్ల తరబడి నమ్మలేదు. 1996లో డిస్నీకీ, వాళ్ల స్టూడియో జీబ్లీకి మాతృసంస్థ అయిన తొకుమాకీ ఒప్పందం కుదిరినప్పుడు, సినిమాల్ని కోయకూడదన్న షరతు అందులో ఉంది.

నా వాదన ఇదీ: ఈ సినిమాలు పడమటి జనానికి చేరాయంటే, మార్చడానికి వీల్లేదని మొండిగా కూర్చున్నవాళ్లు ఉండబట్టి, ఆ మొండితనానికి విలువిచ్చి ఓపిగ్గా థియేటర్లు వెతికిన పంపిణీదారులు తర్వాత దొరకబట్టి. వాళ్ల రుచికి తగ్గట్టు మార్చిన ప్రతిసారీ నష్టమే జరిగింది. మీరేమంటారు?

#2 పాతటికెట్టు (రాజమండ్రి)

బాబూ, 1985 కూడా మొదలు కాదు. 1961కి వెళ్లు.

ఆ ఒక్క ఏడాదే అమెరికాలో మూడు జపాన్ బొమ్మల సినిమాలు విడుదలయ్యాయి. మూడూ తోయే స్టూడియోవే. జపాన్‌లో మొట్టమొదటి రంగుల పూర్తి నిడివి యానిమే ‘హకుజాదెన్’ (1958) అక్కడ ‘పాండా అండ్ ది మ్యాజిక్ సర్పెంట్’ అయింది. ఎంజీఎం వాళ్లు ‘మ్యాజిక్ బాయ్’ తెచ్చారు. మూడోది ‘సైయుకి’, దానికి ‘అలకజామ్ ది గ్రేట్’ అని పేరు.

ఈ మూడోదాని సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. అది ‘పడమటి యాత్ర’ అనే చైనా కథ. బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి బయల్దేరిన భిక్షువు, ఆయన వెంట వచ్చిన కోతి. ఆ భిక్షువు కథకి మూలపురుషుడు హ్యూయన్ త్సాంగ్, ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం దాకా వచ్చి ఉండి వెళ్లినవాడు. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్లు ఆ కథలో బుద్ధుణ్ణి ఎమో అనే రాజుని చేశారు, భిక్షువుని రాజకుమారుణ్ణి చేశారు. సంగీతం కొత్తగా లెస్ బ్యాక్స్‌టర్ చేత చేయించారు, కోతి గొంతుకి పాటలు అప్పటి కుర్రకారు గాయకుడు ఫ్రాంకీ అవలాన్ చేత పాడించారు. బుద్ధుడు లేకుండా ఆ ప్రయాణానికి అర్థమేముంది? ఇంత చేసీ ఆ సినిమాలు అక్కడ నిలబడలేదు.

కాబట్టి నీ వాదనకి నా ఓటు. కానీ ఇరవై నాలుగేళ్లు వెనక్కి జరుపు.

#3 లెక్కలమాస్టారు (గుంటూరు)

> వాళ్ల రుచికి తగ్గట్టు మార్చిన ప్రతిసారీ నష్టమే జరిగింది

ఈ ‘ప్రతిసారీ’కి పోకెమాన్ అడ్డం వస్తుందండీ.

1999 అక్టోబరు 29న మియజాకి ‘ప్రిన్సెస్ మోనోనోకే’ అమెరికాలో విడుదలైంది. ఒక్క ఫ్రేము కోయలేదు. జపాన్‌లో వసూళ్లలో ‘ఈటీ’ రికార్డుని దాటిన సినిమా. ఇంగ్లీషు మాటలు నీల్ గైమన్ రాశారు. క్లెయిర్ డేన్స్, మినీ డ్రైవర్, జిలియన్ ఆండర్సన్ లాంటివాళ్లు గొంతులిచ్చారు. మొత్తం వసూలు 2.4 మిలియన్ డాలర్లకి అటూ ఇటూ.

సరిగ్గా 12 రోజుల తర్వాత, నవంబరు 10న, పోకెమాన్ మొదటి సినిమా వచ్చింది. నేపథ్య సంగీతం మార్చారు, అమెరికన్ పాప్ పాటలు దూర్చారు, మ్యూటూ అనే పాత్ర ఎందుకు బతకాలని తనను తానే ప్రశ్నించుకునే బరువైన కథని ‘కొట్లాట తప్పు’ అనే నీతికథగా తిరగరాశారు. 3,000 పైచిలుకు థియేటర్లు. 85 మిలియన్ డాలర్లు దాటింది. అమెరికాలో ఏ జపాన్ యానిమే సినిమా కూడా 2025 దాకా ఆ అంకెని దాటలేకపోయింది.

మార్చినవి రెండు వారాల్లో కోట్లు తెచ్చాయి, మార్చనిది చేతులు కాల్చింది. మీ వాదన నిలబడాలంటే దీనికి జవాబు చెప్పాలి.

#4 ఓరుగల్లు_కుర్రోడు (వరంగల్)

మాస్టారూ, పోకెమాన్ ముచ్చట వేరే. అది సినిమా టాకీసుల పడకముందే టీవీల, గేముల, కార్డులల్ల ఇంటింటికి వోయింది. టికెట్ కొంటే కార్డు గూడ ఇచ్చిర్రు ఆడ. పిల్లలు కార్డు కోసం వోయిర్రు, సినిమా కోసం వోయినోళ్లు ఎందరో చెప్పుడు కష్టం. పాటలు మార్చకున్నా గన్నే పైసలు వచ్చేటివి అనిపిస్తది నాకు.

మోనోనోకేని ఎన్ని టాకీసులల్ల ఏసిర్రో గూడ చెప్పుర్రి. లెక్క సక్కగుండాలె గద.

#5 లెక్కలమాస్టారు (గుంటూరు)

న్యాయమైన ప్రశ్న. మోనోనోకే ఎనిమిది థియేటర్లతో మొదలైంది. ఎంత పెరిగినా నూట ముప్ఫై దాటలేదు. కార్డుల మాట కూడా నిజమే. అయినా నేననేది, డబ్బులు పెట్టే కంపెనీ వాడు ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఏం నేర్చుకుంటాడు?

#6 డబ్బింగ్‌గది (హైదరాబాద్)

నేను డబ్బింగ్‌కి మాటలు రాస్తాను. యానిమే సిరీస్‌లకి తెలుగు రాసిన అనుభవం ఉంది కాబట్టి రాసేవాళ్ల పక్షాన కాస్త మాట్లాడనివ్వండి. ‘మార్చడం’ అన్న ఒక్క మాటలో మీరంతా నాలుగైదు వేరు వేరు పనుల్ని కలిపేస్తున్నారు.

హాలీవుడ్ యానిమేషన్‌లో ముందు నటుల గొంతు రికార్డు చేస్తారు, ఆ గొంతు విని పెదాలు గీస్తారు. జపాన్‌లో ఎక్కువగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. దాన్ని అఫురెకో అంటారు. మామూలుగా నోటికి మూడే ఆకారాలు గీస్తారు: మూసింది, సగం తెరిచింది, బాగా తెరిచింది. అందుకే యానిమేకి ఏ భాషైనా పట్టించవచ్చు, జపాన్ నటుల గొంతు కూడా పూర్తిగా అతికి ఉండదు. కానీ ‘ఆకిరా’ (1988) అలా కాదు. అక్కడ గొంతులు ముందే రికార్డు చేసి, జపనీస్ అక్షరం అక్షరానికీ నోరు గీశారు. దానికి ఇంగ్లీషు పట్టించడం ఎంత నరకమో ఊహించుకోండి. తకహత గారు కూడా ఆ పద్ధతి ఇష్టపడేవారు. ‘ప్రిన్సెస్ కగుయా’లో వెదురు కొట్టే ముసలాయన గొంతు చీ తకెయోది. ఆయన 2012లో పోయారు, సినిమా 2013లో వచ్చింది. గొంతు ముందే పట్టుకున్నారు కాబట్టే మనకి మిగిలింది.

ఇంకో చిక్కుంది, ఇది మనవాళ్లకి సులువుగా తెలుస్తుంది. జపనీస్‌లో మనలాగే క్రియ చివర్న వస్తుంది. పాత్ర వాక్యం మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, ఆఖర్న అసలు మాట అంటుంది. కెమెరా ఆ ఆఖరి మాటకే ఎదుటివాళ్ల ముఖం మీదికి వెళ్తుంది. తెలుగులో రాసేటప్పుడు ఆ విరామం దానంతటదే కుదురుతుంది. ఇంగ్లీషులో అసలు మాట ముందే బయటపడిపోతుంది, ముఖం కనబడేసరికి చెప్పడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఇంగ్లీషు రచయిత వాక్యాన్ని విరిచి కొత్తగా కట్టక తప్పదు. దాన్ని ద్రోహం అనకండి, దయచేసి.

‘స్పిరిటెడ్ అవే’ ఇంగ్లీషులో చిహిరో ఆ పెద్ద భవనాన్ని చూసి అది స్నానశాల అని పైకి అంటుంది. జపనీస్‌లో అనదు. అక్కడి ప్రేక్షకుడికి ద్వారం దగ్గరి తెర మీద ఉన్న ఒక్క అక్షరం చాలు. అమెరికా పిల్లవాడికి ఆ అక్షరం గీత మాత్రమే. ఆ చిన్న మాట కలపకపోతే వాడు సగం సినిమా అదేం ఇల్లో తెలియకుండా కూర్చుంటాడు. నేనైనా కలుపుతాను.

#7 రీలుపెట్టె (విజయవాడ)

అక్కా, స్నానశాల మాట నాకూ సమ్మతమే. అది చూసేవాడికి దారి చూపించడం. కానీ అదే డబ్బింగ్‌లో ఆఖరి క్షణాలు చూడండి. కారు వెళ్లిపోతున్నప్పుడు జపనీస్‌లో మాటల్లేవు. ఆ పిల్ల లోపల ఏం మారిందో మనమే చూసి తెలుసుకోవాలి. ఇంగ్లీషులో తండ్రి కొత్త ఇల్లూ కొత్త బడీ అంటే భయమేనని అంటాడు, నేను తట్టుకోగలనని కూతురు జవాబిస్తుంది. రెండు గంటలు సినిమా చూపించిందాన్ని మళ్లీ చెవిలో చెప్పడం అవసరమా? అది చూసేవాణ్ణి నమ్మకపోవడం.

1998లో డిస్నీ వీడియో మీద తెచ్చిన ‘కికీస్ డెలివరీ సర్వీస్’లో ఇదే జబ్బు ఇంకా ముదిరింది. కోయలేదు, షరతు ఉంది కదా. కానీ నిశ్శబ్దం ఉన్న చోటల్లా సంగీతం పోశారు, చిన్న మంత్రగత్తె కికీ పెంచుకునే పిల్లి జీజీ చేత మూలంలో లేని ఛలోక్తులు చెప్పించారు. ఫిల్ హార్ట్‌మన్ గొప్ప హాస్యనటుడు, ఆయన గొంతు బాగుంటుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ చివర్న జీజీ మళ్లీ మాట్లాడతాడు! మూలంలో మాట్లాడడు. కికీ ఎదిగింది, పిల్లి మాట ఇక వినబడదు. సినిమా మొత్తంలో గుండెని పిండేది అదే. 2010 డీవీడీలో చాలా మార్పులు తీసేసి వెనక్కి తెచ్చారంటే, ఆ కలపడం తప్పని వాళ్లకే తెలిసిందని అనుకుంటాను.

‘క్యాసిల్ ఇన్ ది స్కై’ సంగీతం కూడా అంతే. రెండు గంటల సినిమాలో దాదాపు గంట సంగీతం ఉండేది. అమెరికా వాళ్లకి మూడు నిమిషాల మౌనం కూడా పట్టదన్నారని సంగీత దర్శకుడు హిసాయిషి జో చేతే 90 నిమిషాలకి పెంచి రాయించారు. హిసాయిషి స్వయంగా చేశారు కాబట్టి సంగీతంగా బాగుంది. కానీ ఆకాశంలో ఆ ఖాళీ కోటలోకి అడుగుపెట్టినప్పుడు గాలి చప్పుడు ఒక్కటే వినబడాల్సిన చోటు అది.

కత్తి సంగతి తెలియనివాళ్ల కోసం: మోనోనోకే పంపిణీ డిస్నీ కింది సంస్థ మిరామాక్స్‌ది. దాని అధిపతి హార్వే వైన్‌స్టీన్ కోయాలని పట్టుబట్టాడు. న్యూయార్క్ సమావేశంలో సుజుకి ఒక జపాన్ కత్తి అతని చేతికిచ్చి, ఒక్క కోత కూడా వద్దన్నాడు. పంపింది మియజాకి అని చాలాచోట్ల రాస్తారు. ఆ పని చేసింది నిర్మాతేనని 2005లో గార్డియన్‌కిచ్చిన ఇంటర్వ్యూలో మియజాకే చెప్పారు. 133 నిమిషాల సినిమా 133 నిమిషాలుగానే వెళ్లింది.

#8 న్యూజెర్సీ_నాన్న (ఎడిసన్)

చాలా రోజులకి మంచి చర్చ. నేను ఇక్కడి ప్రేక్షకుడిగా రెండు మాటలు.

2009లో ‘పోన్యో’ వచ్చినప్పుడు మా పెద్దాణ్ణి థియేటర్‌కి తీసుకెళ్లాను. ఇంగ్లీషు డబ్బింగే. హాలు నిండా అయిదారేళ్ల పిల్లలు. నూడుల్స్ మీద మూత తీసే సీన్‌లో హాలంతా కేరింతలు. తుపానులో అలల మీద ఆ పిల్ల పరుగెత్తుకొచ్చేటప్పుడు మావాడు సీట్లో నిలబడిపోయాడు. వాడికి సబ్‌టైటిల్స్ చదివే వయసు కాదు. డబ్బింగ్ లేకపోతే వాడికి ఆ సినిమా లేదు. ఇంగ్లీషు మాటలు ‘ఈటీ’ రాసిన మెలిస్సా మాథిసన్ రాశారని తర్వాత తెలిసింది. పిల్లల నోట పిల్లల మాట పెట్టడం తెలిసినావిడ.

అదే కొడుకు ఇప్పుడు నాతో పేచీ పెట్టుకుని జపనీస్ ఆటలకే వస్తాడు. 2017 నుంచి ఇక్కడ దాదాపు ఏటా జీబ్లీ ఫెస్ట్ అని పాత సినిమాలు మళ్లీ థియేటర్లలో వేస్తారు. కొన్ని రోజులు డబ్బింగ్, కొన్ని రోజులు సబ్‌టైటిల్స్. వచ్చేవాళ్లలో చిన్నప్పుడు క్యాసెట్ మీద కికీ చూసి పెరిగి, ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేవాళ్లు ఎక్కువ. డిస్నీ వాళ్లు కలిపిన సంగీతం మీద రీలుపెట్టె గారి కోపం అర్థమవుతుంది. కానీ ఆ క్యాసెట్లే లేకపోతే ఈ హాళ్లు నిండేవా?

#9 మిలాన్_చదువు (మిలాన్)

నేను ఇటలీలో చదువుకుంటున్నాను. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాటని మరీ సాగదీస్తే ఏమవుతుందో ఇక్కడ చూశాను. రీలుపెట్టె గారు దీన్ని పట్టించుకోవాలి.

ఇటలీలో జీబ్లీ సినిమాలకి ఏళ్ల తరబడి ఒకే అనువాదకుడు మాటలు రాశారు. ఆయనకి మూలం మీద భక్తి. జపనీస్ వాక్యం ఏ వరసలో ఉంటే ఇటాలియన్‌ని అదే వరసలో కట్టేవారు. మా హాస్టల్లో ఇటాలియన్ స్నేహితురాళ్లతో కలిసి చూస్తుంటే వాళ్లే ఆపి వెనక్కి తిప్పి, ఇప్పుడు ఏమన్నాడు అని ఒకర్నొకరు అడుగుతారు. మాతృభాషలో! 2019లో నెట్‌ఫ్లిక్స్ యానిమే సిరీస్ ‘ఎవాంజెలియన్’ని ఆయన మాటలతో పెట్టినప్పుడు జనం ఎంత గోల చేశారంటే, ఆ ఇటాలియన్ డబ్బింగ్‌ని కొద్ది రోజుల్లోనే తీసేసి మళ్లీ కొత్తగా చేయించారు.

ఒక్క ఫ్రేము కోయలేదు, ఒక్క ముక్క కలపలేదు. అయినా సినిమా ప్రేక్షకుడికి చేరలేదు. 1985లో కత్తెరతో జరిగిన నష్టం ఇక్కడ అతి భక్తితో జరిగింది.

#10 డబ్బింగ్‌గది (హైదరాబాద్)

మిలాన్ అమ్మాయ్, చాలా విలువైన సంగతి చెప్పావు. మా గదిలో కొత్తగా వచ్చే పిల్లలకి ఇది చెప్పాలి. వాళ్లు కూడా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ముందు పెట్టుకుని వాటి వరసలో తెలుగు రాసేస్తుంటారు. జపనీస్ నుంచి ఇంగ్లీషు, ఇంగ్లీషు నుంచి తెలుగు. రెండుసార్లు వంగిన వాక్యం నటుడి నోట పలకదు. నిజానికి జపనీస్ వాక్యం మనకి దగ్గర. అన్నయ్యనీ అక్కనీ వరసపెట్టి పిలవడం, పెద్దవాళ్లతో ఒకలా చిన్నవాళ్లతో ఒకలా మాట్లాడడం ఇంగ్లీషులో మాయమైపోతుంది. మధ్యలో ఇంగ్లీషు ఉండడం వల్ల మనం కూడా దాన్ని పోగొట్టుకుంటున్నాం.

#11 లెక్కలమాస్టారు (గుంటూరు)

థియేటర్ల లెక్కలు మరికొన్ని. ఇవి ఇటూ అటూ కాకుండా మూడో దారి చూపిస్తాయని నా నమ్మకం.

‘స్పిరిటెడ్ అవే’ 2002 సెప్టెంబరులో 26 థియేటర్లతో మొదలైంది. పిక్సార్ దర్శకుడు జాన్ లాసెటర్ పూనుకుని ఇంగ్లీషు డబ్బింగ్ చేయించారు, బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ అప్పటికే వచ్చింది, అయినా పంపిణీ పిసినారితనంగానే సాగింది. 2003 మార్చిలో ఆస్కార్ వచ్చాక 700 పైచిలుకు థియేటర్లకి పెంచారు. మొత్తం 10 మిలియన్ డాలర్లు. అదే సినిమా జపాన్‌లో 30 బిలియన్ యెన్‌లు దాటింది. తర్వాత ‘పోన్యో’ 927 థియేటర్లు, 15 మిలియన్లు. 2012లో ‘అరియెట్టి’ 1,500 పైచిలుకు, 19 మిలియన్లు.

2011లో పాత జీబ్లీ సినిమాల ఉత్తర అమెరికా థియేటర్ హక్కులు డిస్నీ నుంచి జీకిడ్స్ అనే చిన్న సంస్థకి వెళ్లాయి. 2008లో పుట్టిన కంపెనీ. డిస్నీకి జీబ్లీ ఎన్నో వ్యాపారాల్లో ఒకటి. జీకిడ్స్‌కి అదే ప్రాణం. 2023 డిసెంబరులో ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ని వాళ్లు 2,200 థియేటర్లలో మొదటి రోజు నుంచే జపనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ వదిలారు. 12.8 మిలియన్లతో ఆ వారాంతం అమెరికాలో మొదటి స్థానం. మియజాకి సొంత కథ, అక్కడి ప్రేక్షకుడి కోసం ఏదీ సులభం చెయ్యలేదు. తర్వాత రెండో ఆస్కార్. 2024లో ఆ జీకిడ్స్‌నే జపాన్ సంస్థ తోహో కొనేసింది.

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ మొదటి వారాంతమే 70 మిలియన్లు తెచ్చి, ఆఖరికి పోకెమాన్ రికార్డుని దాటింది. రెండున్నర గంటల సినిమా, సిరీస్ చూడనివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. మార్చింది ఏమీ లేదు.

1999లో మార్చనిది ఓడింది, 2025లో మార్చనిది గెలిచింది. మధ్యలో మారింది ప్రేక్షకుడు. ఆ ప్రేక్షకుణ్ణి తయారుచేసింది క్యాసెట్లు, టీవీ, తర్వాత స్ట్రీమింగ్. కాబట్టి రీలుపెట్టె గారు ఫలితం విషయంలో సరైనవారే. కానీ దారి వేసినవాటిలో మార్చిన సినిమాలు కూడా ఉన్నాయని నేనంటాను.

#12 పాతటికెట్టు (రాజమండ్రి)

మాస్టారూ, మీ లెక్కలో ఒక వర్గం సినిమాలు లేవు. కొయ్యనూ లేదు, చూపించనూ లేదు. హక్కులు తీసుకుని బీరువాలో పెట్టేశారు.

తకహత తీసిన ‘ఓన్లీ యెస్టర్‌డే’ 1991 సినిమా. నగరంలో ఉద్యోగం చేసుకునే ఇరవై ఏడేళ్ల అమ్మాయి పల్లెకి కుసుంబ పూలు కోయడానికి వెళ్తూ, అయిదో తరగతి రోజులు తలుచుకుంటుంది. బడిలో ఆడపిల్లలు పెద్దమనిషి కావడం గురించీ, మగపిల్లల వేళాకోళం గురించీ అందులో నిస్సంకోచంగా ఉంటుంది. హక్కులున్న డిస్నీ దాన్ని థియేటర్‌కి తీసుకురాలేదు. కొయ్యకూడదు, కొయ్యకుండా పిల్లలకి చూపించలేమనుకున్నారు. అమెరికా థియేటర్లకి అది 2016లో జీకిడ్స్ ద్వారా వచ్చింది. డైసీ రిడ్లీ, దేవ్ పటేల్ గొంతులు. పాతికేళ్లు! మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే పందిరి వేసి ఊరందరినీ పిలుస్తాం. అక్కడ ఒక బొమ్మల సినిమా ఆ ఊసెత్తితే పాతికేళ్లు దాచారు. కోత కన్నా ఇది నాకు పెద్ద శిక్షలా కనిపిస్తుంది.

మన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ కథ కూడా ఇక్కడ చెప్పాలి. సాకో యూగో, ససాకి కోయిచి, మన రామ్ మోహన్ కలిసి తీశారు. 1993లో మన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించారు. అమెరికాకి వెళ్లేసరికి జేమ్స్ ఎర్ల్ జోన్స్ వ్యాఖ్యానం చేర్చి ‘ది ప్రిన్స్ ఆఫ్ లైట్’ చేశారు. మూలంలోని సంస్కృత పాటలు పోయాయి. రాముడి కథకి జపాన్ వాళ్లు చూపిన గౌరవం అమెరికా ప్రతిలో పలచబడింది. 2025 జనవరిలో కొత్త ప్రింటుతో మన థియేటర్లకి తెలుగులో కూడా వచ్చినప్పుడు మనవణ్ణి తీసుకెళ్లాను. లంకలో యుద్ధం గీసిన తీరు ఇప్పటికీ ఎవరికీ చేతకాలేదు.

#13 ఓరుగల్లు_కుర్రోడు (వరంగల్)

పెద్దాయనా, ఆ సినిమా నేను గూడ తెలుగులనే చూసిన. మస్తుంటది.

నాదో మాట. ‘ఆర్ఆర్ఆర్’ అమెరికాకు వోయినప్పుడు గిదే పంచాయితీ అయింది, యాదికుందా? నెట్‌ఫ్లిక్స్‌ల హిందీ గొంతులతోని ఉండె. కొమురం భీముడు హిందీల మాట్లాడుతుంటే మనకెట్లనో అనిపించలే? కాని వేరియన్స్ ఫిలిమ్స్ అని ఒక చిన్న కంపెనీ 2022 జూన్ 1 నాడు మొత్తం మూడు గంటల సినిమాని తెలుగులనే, కింద ఇంగ్లీషు రాతలతోని, మళ్ల టాకీసులల్ల ఏసింది. ఇంగ్లీషోళ్లు సీట్లకెల్లి లేచి ఎగిరిర్రు. పాటలు తీసెయ్యలే, ఇంటర్వెల్ పోరు తగ్గించలే. మనదాంట్ల మనకు అయిన సంబురం, జపానోళ్లకు మోనోనోకే పూర్తిగ వోయినప్పుడు అయ్యుంటది. అందుకే నేను రీలుపెట్టె అన్న దిక్కే.

కాని ఇన్ఫినిటీ క్యాసిల్ మాత్రం తెలుగు డబ్బింగ్‌ల చూసిన, జపనీస్‌ల గూడ చూసిన. మా తమ్మునికి తెలుగే పట్టింది. రెండు ఆటలు పక్కపక్కన ఉండాలె. ఎవ్వనికి ఏది నచ్చితే అండ్లకు వోతడు.

#14 నిర్వాహకులు

‘ది బాయ్ అండ్ ది హెరాన్’ ముగింపు గురించి రాసిన రెండు వ్యాఖ్యలు కథ బయటపెడుతున్నందున పక్కన పెట్టాం. చూడనివాళ్లు ఉన్నారు, గుర్తుంచుకోండి. చర్చ చక్కగా సాగుతోంది, కొనసాగించండి.

#15 న్యూజెర్సీ_నాన్న (ఎడిసన్)

డబ్బింగ్‌గది గారూ, చిన్న సలహా కావాలి. మా చిన్నమ్మాయికి ఏడేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. కికీ చూపిద్దామనుకుంటున్నాను. పైన చదివాక ఏ ప్రతి చూపించాలో తేల్చుకోలేకపోతున్నాను.

#16 డబ్బింగ్‌గది (హైదరాబాద్)

2010 తర్వాత వచ్చిన ఇంగ్లీషు ప్రతి చూపించండి. కిర్‌స్టెన్ డన్‌స్ట్ గొంతు ఆ వయసుకి చక్కగా ఉంటుంది, అదనపు సంగీతం చాలావరకు పోయింది, పిల్లి చివర్న మౌనంగానే ఉంటుంది. తర్వాత పాప అడుగుతుంది, జీజీ ఎందుకు మాట్లాడలేదని. మీరు జవాబు చెప్పకండి, తననే చెప్పనివ్వండి. పదేళ్లు వచ్చాక జపనీస్‌లో చూపించండి. తకయామా మినామి ఒక్కరే కికీకీ, అడవిలో బొమ్మలు వేసే ఉర్సులాకీ గొంతిచ్చారు. అది తెలిశాక వాళ్లిద్దరూ గుడిసెలో మాట్లాడుకునే సీన్ కొత్తగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఇద్దరు నటులు చేశారు కాబట్టి ఆ అందం రాదు.

#17 రీలుపెట్టె (విజయవాడ)

మాస్టారి లెక్కా, మిలాన్ అమ్మాయి చెప్పిందీ కలిపి చదివాక నా వాదనని ఇంకొంచెం పదును పెడతాను. మాటల్ని మార్చే స్వేచ్ఛ రచయితకి ఉండాలి, అది లేకపోతే ఇటలీలో అయినట్టే అవుతుంది. బొమ్మనీ, మౌనాన్నీ, కథ ఎక్కడ ఆగాలన్నదాన్నీ ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. డిస్నీ చేసిన మంచి పని గొంతులు, క్యాసెట్లు. చేసిన చెడ్డ పని మౌనాన్ని నింపడం. ఈ రెండింటినీ విడదీసి చూడొచ్చు. క్యాసెట్లు అమ్ముడుపోవడానికి ఆ అదనపు సంగీతం అవసరమైందని మాత్రం నాకెవరూ రుజువు చూపించలేదు.

పాతటికెట్టు గారు చెప్పిన బీరువా సంగతి అన్నిటికన్నా ఎక్కువగా మనసులో నిలిచింది. ‘ఓన్లీ యెస్టర్‌డే’ ఇక్కడ ఎంతమంది చూశారు? చూడనివాళ్లు ఈ వారం చూడండి. కొందరు జపనీస్, కొందరు ఇంగ్లీషు. రైలు దిగి తోషియో అనే పల్లెటూరి కుర్రాడి కారెక్కి తెల్లవారుజామున పొలాలకి వెళ్లే భాగం దాకా ఏ తేడాలు కనబడ్డాయో ఆదివారం ఇక్కడే రాయండి. పెద్దయిన నాయిక తయెకో ముఖానికి గొంతు ముందు, బొమ్మ తర్వాత పద్ధతి వాడారు. బుగ్గల దగ్గర గీతలు గమనించండి.

#18 మిలాన్_చదువు (మిలాన్)

నేను ఇటాలియన్‌లో చూసి రాస్తాను. అమ్మాయిలందర్నీ కూర్చోబెడతాను.

#19 పాతటికెట్టు (రాజమండ్రి)

నాకు జపనీస్. సబ్‌టైటిల్ అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

#20 ఓరుగల్లు_కుర్రోడు (వరంగల్)

సెట్టింగులల్ల ఉంటది పెద్దాయనా, నీకు వేరేగ మెసేజ్ వెడుత. నేను ఇంగ్లీషు చూస్త.